గడియారం తీసేసిన స్క్రీన్: ఉప్పుడు బియ్యం మిల్లులో ఒక టెక్స్ట్ ప్యానెల్ కథ

ముందే చెప్పేస్తే మిగతాది టెన్షన్ లేకుండా చదువుకోవచ్చు: ఈ కేసులో తప్పు నాదే. మిర్యాలగూడ దగ్గర ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో వడ్లు నానబెట్టే సోకింగ్ ట్యాంకుల కంట్రోలుకి నేను రాసిన ప్రోగ్రాం, యాసంగి సీజన్ మంచి ఊపులో ఉండగా, ఒక రాత్రి ఒంటి గంట ఇరవయ్యారు నిమిషాలకి ఆగిపోయింది. ఆగిపోయినట్టు ఎవరికీ తెలియలేదు. స్క్రీన్ మీద అంకెలన్నీ ఉన్నాయి, ఎర్ర రంగు ఎక్కడా లేదు, హూటర్ మోగలేదు. నాలుగో ట్యాంకులో వడ్లు దాదాపు గంటన్నర ఎక్కువ నానాయి. అలా ఎందుకైందో, తర్వాత ఏం మార్చానో రాస్తున్నాను. చిన్న కంట్రోలర్ల మీద ఇలాంటి అక్షరాల స్క్రీన్లు చేసేవాళ్లకి కొంతైనా పనికొస్తుంది.

మిల్లు సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. యాసంగి వడ్లు కోతకొచ్చేసరికి ఎండలు మండిపోతుంటాయి, గింజ లోపల సన్నటి పగుళ్లు పడతాయి. వాటిని పచ్చిగా మిల్లు పడితే బియ్యం కన్నా నూకలే ఎక్కువ కనిపిస్తాయి. అందుకే నానబెట్టి, ఆవిరి మీద ఉడికించి, ఆరబెట్టి అప్పుడు పడతారు. 65 నుంచి 70 డిగ్రీల నీళ్లలో నాలుగైదు గంటలు నానితే గింజలో తేమ 30 శాతం దాకా ఎక్కుతుంది, ఆవిరి తగిలాక పిండి పదార్థం మెత్తబడి ఆ పగుళ్లు అతుక్కుంటాయి, తర్వాత డ్రయ్యర్లలో తేమని మళ్లీ 14 శాతం దగ్గరికి దించాలి. నానడం తక్కువైతే గింజ మధ్యలో తెల్లగా ఉండిపోతుంది. ఎక్కువైతే పొట్టు విచ్చుకుంటుంది, బియ్యం రంగు తిరుగుతుంది, వాసన వస్తుంది. అంటే ఈ మొత్తం వ్యవహారంలో టైమర్ అనేది చిన్న విషయం కాదు.

ఈ మిల్లులో ఆరు ట్యాంకులు, ఊకతో మండే బాయిలర్ ఒకటి, డ్రయ్యర్లు రెండు. నేను వెళ్లేసరికి ప్యానెల్ రూములో విండోస్ మీద నడిచే టచ్ స్క్రీన్ ఉండేది. బొమ్మలు చాలా అందంగా ఉన్నాయి, ట్యాంకులో నీళ్లు నీలంగా ఎక్కుతూ దిగుతూ కదిలేవి, పైపులో బాణాలు పరిగెత్తేవి. కానీ ఊక దుమ్ము ఎలాంటిదో మిల్లులో ఒక్క రోజు నిలబడ్డవాళ్లకి తెలుసు, అది పోని సందు ఉండదు. టచ్ పొర ఆపరేటర్ బొటనవేలు తగిలే ఒకే చోట అరిగిపోయి అక్కడ మాత్రం పనిచేయడం మానేసింది, దాంతో పెన్ను వెనక భాగంతో గట్టిగా పొడవడం మొదలుపెట్టారు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ అది లేవడానికి నాలుగు నిమిషాలు. ఒకసారి లైసెన్స్ కోసం వెనక గుచ్చిన యూఎస్‌బీ ముక్క ఊడిపోయి, అది కనిపించేదాకా మిల్లే ఆగిందట. సేటు నన్ను పిలిచి అడిగింది ఒక్కటే: "నాకు బొమ్మలొద్దు సార్, కరెంటు వచ్చిందంటే అది కూడా వచ్చేయాలె."

ఆ మాట నాకు పండగలా వినిపించింది, ఎందుకంటే నాకు మొదటి నుంచీ టెర్మినల్ స్క్రీన్లంటే, అంటే బొమ్మలు లేకుండా అక్షరాలే చూపించే స్క్రీన్లంటే, ప్రేమ. డెక్ అనే కంప్యూటర్ కంపెనీ వీటీ-100 టెర్మినల్ వచ్చింది 1978లో, 80 నిలువు గళ్లు, 24 వరసలు. దానికి పంపిన ఎస్కేప్ కోడ్లే, కర్సర్‌ని ఫలానా గడికి తీసుకెళ్లు, ఇక్కడి నుంచి రంగు తిరగేసి రాయి లాంటివే, ఈరోజు మన ఫోన్‌లో ఉన్న టెర్మినల్ యాప్‌కి కూడా అర్థమవుతాయి. ఇంత కాలం నిలబడిన వాటి మీద ఇల్లు కట్టుకోవచ్చు అనుకున్నాను.

చేసిన ఏర్పాటు ఇదీ. ట్యాంకుల దగ్గర ఒక చిన్న పీఎల్‌సీ, అంటే ఫ్యాక్టరీల్లో యంత్రాలని నడిపే కంట్రోలర్. ఆవిరి వాల్వు తెరవడం, మూయడం, నీటి మట్టం ఇంటర్‌లాకులు (మట్టం సరిగ్గా లేకపోతే పని జరగనివ్వని కాపలాలు) అన్నీ దాని చేతిలోనే. దాని పైన లినక్స్ నడిచే ఒక చిన్న ఏఆర్ఎం కంప్యూటర్ బోర్డు. బోర్డు మీద సీ భాషలో రాసిన ప్రోగ్రాం, స్క్రీన్ కోసం అక్షరాల స్క్రీన్లు గీసిపెట్టే ఎన్‌కర్సెస్ లైబ్రరీ. బోర్డు నుంచి పీఎల్‌సీకి, ఆరు టెంపరేచర్ ట్రాన్స్‌మిటర్లకి ఆర్ఎస్-485 అనే రెండు తీగల లైను, దాని మీద మోడ్‌బస్ అనే పద్ధతిలో మాటలు. ఏ ట్యాంకు ఎంతసేపు నానాలి, ఎప్పుడు నీళ్లు వదిలేయాలి, ఎప్పుడు ఆవిరి మొదలుపెట్టాలి అన్న లెక్క బోర్డుది. ఆ లెక్క పీఎల్‌సీలోనే పెట్టి ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ వెరైటీ మారినప్పుడల్లా టైములు మార్చుకోవాలి, బ్యాచ్ రికార్డు కావాలి అన్నారు కాబట్టి అది పైకి తెచ్చాను. అందులో పశ్చాత్తాపం లేదు, తెచ్చిన పద్ధతిలో ఉంది.

ఫైల్ సిస్టం రీడ్-ఓన్లీగా పెట్టాను, కరెంటు ఎప్పుడు పోయినా చెడడానికి ఏమీ ఉండకూడదని. రికార్డులు మాత్రం వేరే చిన్న పార్టిషన్‌లోకి. కరెంటు వచ్చిన పద్దెనిమిది సెకన్లకి స్క్రీన్ వచ్చేసేది. సేటు వాచీ చూసి మరీ లెక్కపెట్టాడు, రెండుసార్లు.

ప్యానెల్ రూములో పాత పదిహేను అంగుళాల మానిటర్, 1024 బై 768. దూరం నుంచి కనపడాలని లినక్స్ కన్సోల్‌కి 16 బై 32 చుక్కల పెద్ద ఫాంటు పెట్టాను, అలా చేస్తే సరిగ్గా 64 గళ్లు, 24 వరసలు వస్తాయి. వడ్లు పైకెత్తే ఎలివేటర్ దగ్గర నిలబడి తలుపులోంచి చూసినా అంకె చదవగలిగారు. బాయిలర్ షెడ్డు అరవై మీటర్ల దూరంలో ఉంది, అక్కడ ఒక పాత ల్యాప్‌టాప్‌లో టెర్మినల్ ప్రోగ్రాం తెరిచి, ఆర్ఎస్-422 కన్వర్టర్లతో 9600 బాడ్ సీరియల్ లైను లాగాను. 9600 అంటే సెకనుకి 960 అక్షరాలు. స్క్రీన్ మొత్తం మళ్లీ గీయాలంటే 1,536 అక్షరాలు, అంటే సెకనున్నర పైనే, చూస్తుంటే కర్టెన్ దించినట్టు పైనుంచి కిందికి దిగుతుంది. కానీ ఎన్‌కర్సెస్ పాత స్క్రీన్‌నీ కొత్త స్క్రీన్‌నీ పోల్చుకుని మారిన గళ్లే పంపుతుంది. ఒక టెంపరేచర్ మారితే కర్సర్ జరపడానికి ఎనిమిది బైట్లు, అంకెకి నాలుగు, మొత్తం పన్నెండు. పన్నెండు మిల్లీసెకన్ల పని. నాకు ఇదొక ఆటలా అయిపోయింది, రోజూ రాత్రి కూర్చుని సెకనుకి ఎన్ని బైట్లు పోతున్నాయో లెక్కపెట్టుకుని ఇంకా ఏం తగ్గించొచ్చో వెతకడం. ఆ ఊపులోనే స్క్రీన్ మూలనున్న గడియారం తీసేశాను. గోడకి గడియారం ఉంది కదా, సెకను సెకనుకీ మారే అంకె ఇక్కడెందుకు అని.

ఆ సంగతికి మళ్లీ వస్తాను. మధ్యలో భాష గొడవ ఒకటి చెప్పాలి, ఎందుకంటే తెలుగులో స్క్రీన్ చేద్దామని ఉత్సాహపడే ప్రతివాడూ ఇక్కడ తల బాదుకుంటాడు. టెర్మినల్ అంటే గళ్ల కాగితం, గడికో అక్షరం. తెలుగు గళ్లలో ఇమడదు. "ఉష్ణోగ్రత" అని రాస్తే అందులో ణ వత్తు ష కింద ఉండాలి, గ్ర లో రావత్తు చుట్టుకోవాలి, ఏది ఎన్ని గళ్లు తీసుకుంటుందో లైబ్రరీ ఒక లెక్క వేస్తుంది, టెర్మినల్ ఇంకో లెక్క వేస్తుంది, ఆ తేడాతో వరసలో మిగతావన్నీ పక్కకి జరిగిపోతాయి. లినక్స్ కన్సోల్ పరిస్థితి ఇంకా ఘోరం, దాని ఫాంటులో గరిష్ఠంగా 512 బొమ్మలే పడతాయి, అక్షరాలని కలిపే తెలివి దానికి అసలు లేదు. వారం రోజులు దీంతో కుస్తీ పట్టాక ఆపరేటర్‌ని అడిగాను, "అన్నా, ఉష్ణోగ్రత అని రాయనా, టెంపరేచర్ అని రాయనా?" ఆయన నవ్వి, "హీట్ అంటం సార్ మేము" అన్నాడు. పైగా బాయిలర్ దగ్గర మంట చూసుకునే రాత్రి డ్యూటీ ఫైర్‌మ్యాన్ బిహార్ నుంచి వచ్చినవాడు, తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. చివరికి స్క్రీన్ మీద ట్యాంకు నంబరు, అంకెలు, పొట్టి ఇంగ్లిష్ మాటలు పెట్టి, వాటి అర్థం తెలుగులో, హిందీలో అచ్చు వేయించి ప్లాస్టిక్ పూత వేసిన కార్డు మానిటర్ పక్కన అంటించాను. ఇది ఓటమే, కాదనను. కానీ పనిచేసింది.

ఒక్కో ట్యాంకుకి ఒక్కో వరస. నాలుగో ట్యాంకు వరస ఆ రాత్రి ఇలా ఉంది:

4    70.1    1:12

నాలుగో ట్యాంకు, డెబ్భై డిగ్రీలు, ఇంకా గంటా పన్నెండు నిమిషాలు నానాలి. రాత్రి 2:38కి నీళ్లు వదిలేయాలన్నమాట. ట్యాంకులకి ఇన్సులేషన్ ఉంది, వేడి నీళ్లు గంటకి అర డిగ్రీ కూడా పడవు, కాబట్టి ఆ 70.1 గంటసేపు 70.1గానే కనిపించినా ఎవరికీ అనుమానం రాదు. మిగిలిన టైము నిమిషాల్లోనే చూపించాను, అంటే మామూలుగానే అది నిమిషంపాటు కదలదు. కూలీలతో మాట్లాడుతూ, లారీ దించుతూ, మధ్యమధ్యలో వచ్చి చూసే మనిషికి ఇందాక ఎంత ఉందో గుర్తుండదు. రెండో షిఫ్ట్ అతను దిగిపోయి మూడో షిఫ్ట్ ఆపరేటర్ అప్పుడే ఎక్కాడు. ఆయనకి 1:12 ఎంతసేపటి నుంచి ఉందో తెలిసే దారే లేదు.

కనిపెట్టింది ఫైర్‌మ్యాన్. స్క్రీన్ చూసి కాదు, బాయిలర్ గేజి చూసి. రెండున్నర దాటాక నాలుగో ట్యాంకుకి ఆవిరి లాగాలి, ప్రెషర్ ఒక్కసారి దిగాలి, ఆయన ఊక పెంచాలి, రోజూ జరిగే వరస అది. ఆ రాత్రి ప్రెషర్ దిగలేదు, పైగా ఎక్కుతోంది. డ్రయ్యర్లు కొంత లాగుతున్నాయి కాబట్టి మొదట ఊక తగ్గించి చూశాడు. ఆలస్యం అవుతోందేమో అనుకున్నాడు. నాలుగు గంటలకి ఇక ఆగలేక ప్యానెల్ రూముకి నడిచి వచ్చి, ఆవిరి ఎవరూ తీసుకోవట్లేదేంటని అడిగాడు. ఆపరేటర్ కీలు నొక్కితే ఏదీ పలకలేదు. స్విచ్ ఆపి వేస్తే పద్దెనిమిది సెకన్లలో అంతా మామూలే. అప్పటికి నాలుగూ అయిదు.

నాకు ఫోన్ ఆరింటికి వచ్చింది. "సార్, గది గంటల కొద్దీ గట్లనే ఉన్నది సార్, కదలనే లేదు." హైదరాబాద్ నుంచి మూడు గంటల దారి. వెళ్లేసరికి ట్యాంకు ఖాళీ చేసి ఉడికించేశారు, డ్రయ్యర్ కింద గింజలు చేతిలోకి తీసుకుంటే పొట్టు విచ్చుకుని ఉన్నాయి, రంగు పక్క ట్యాంకు దాని కన్నా ముదురు. ఆ లాటుని ప్రభుత్వానికిచ్చే బియ్యంలో కలపకుండా విడిగా, తక్కువ రేటుకి అమ్ముకోవాల్సి వచ్చింది. సేటు నన్ను ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధ.

లాగ్ తీశాను. 1:26 దాకా ప్రతి నిమిషం ఒక లైను ఉంది, తర్వాత ఖాళీ, మళ్లీ 4:05కి కొత్తగా మొదలైన లైను. క్రాష్ లేదు. మెమరీ ఫిర్యాదు లేదు. కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) లాగ్‌లో ఒక్క తప్పు లేదు. హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ ఉంది, ఎప్పటికప్పుడు సిగ్నల్ (దాన్నే తిండి అంటాం) అందకపోతే అది బోర్డుని రీసెట్ చేయాలి, చేయలేదు. ఎందుకు చేయలేదో అప్పుడే తట్టి ఉండాల్సింది: వాచ్‌డాగ్‌కి తిండి పెట్టేది నా ప్రోగ్రాం కాదు, సిస్టంతో పాటు వచ్చిన వేరే సర్వీసు. ఇంట్లో మనిషి స్పృహ తప్పి పడున్నా పాలవాడు రోజూ పాలు పోసి వెళ్లినట్టు, అది హాయిగా తన పని చేసుకుపోయింది. నేను మాత్రం ఆర్ఎస్-485 లైను మీద, పవర్ సప్లై మీద, మెమరీ కార్డు మీద అనుమానపడుతూ పది రోజులు తిరిగాను. లైను చివర్లలో సిగ్నల్ చెదరకుండా పెట్టే 120 ఓమ్ రెసిస్టర్లు ఉన్నాయా లేదా అని నిచ్చెనెక్కి మరీ చూశాను. ఉన్నాయి.

పదకొండో రోజు హైదరాబాద్‌లో నా బల్ల మీద అదే బోర్డు, అదే ప్రోగ్రాం నడుస్తూ ఉంది. టీ ఒలికితే గుడ్డ తీసుకుని కీబోర్డు తుడిచాను. స్క్రీన్ ఆగిపోయింది.

కంట్రోల్-ఎస్. యూనిక్స్ టెర్మినల్ వాడిన ఎవరికైనా తెలిసిన సంగతే, ఫైల్ సేవ్ చేద్దామని అలవాటుగా నొక్కి స్క్రీన్ బిగుసుకుపోయి కంగారుపడని వాడు ఉండడు. కంట్రోల్-ఎస్ అంటే "ఆపు, నేను చదువుకోవాలి", కంట్రోల్-క్యూ అంటే "ఇక పంపు". తీగ మీద వచ్చిన అక్షరాలని కాగితం మీద కొట్టే టెలిటైపుల కాలం నాటి ఏర్పాటు. వెంటనే మిల్లుకి ఫోన్ చేసి అడిగాను, ఆ రాత్రి కీబోర్డు ఎవరైనా ముట్టుకున్నారా అని. "ఎవ్వరూ నొక్కలే సార్" అన్నాడు ఆపరేటర్. తుడిచారా అన్నాను. "షిఫ్ట్ ఎక్కంగనే తువాలతోని తుడుస్త కద సార్, దుమ్ముంటది." ఆయన శుభ్రంగా ఉండే మనిషి కావడమే మా దరిద్రం.

ఇప్పుడు అసలు లోపం. ఎన్‌కర్సెస్‌లో కీలు చదవడానికి రెండు పద్ధతులున్నాయి. సీబ్రేక్ మోడ్‌లో కీ నొక్కగానే ప్రోగ్రాంకి అందుతుంది కానీ కంట్రోల్-ఎస్, కంట్రోల్-సి లాంటివి మాత్రం కెర్నెలే పట్టేసుకుని తన పని తాను చేస్తుంది. రా మోడ్‌లో అన్నీ ప్రోగ్రాంకే వస్తాయి. నేను పుస్తకాల్లో అందరూ రాసినట్టే సీబ్రేక్ రాసేశాను. కంట్రోల్-ఎస్ పడగానే కెర్నెల్ ఆ టెర్మినల్‌కి రాతలు ఆపేసింది, నా ప్రోగ్రాం స్క్రీన్ మీద రాయబోయి అక్కడే నిద్రపోయింది. చచ్చిపోలేదు, నిద్ర. అందుకే ఏ నిఘా సర్వీసుకీ తేడా కనిపించలేదు.

సరే, స్క్రీన్ ఆగింది. టైమర్ ఎందుకు ఆగింది? ఎందుకంటే నేను అంతా ఒకే లూపులో రాశాను. మోడ్‌బస్ చదువు, లెక్క వెయ్యి, అలారం చూడు, హూటర్ మోగించు, స్క్రీన్ గీయి, కీ చూడు, మళ్లీ మొదటికి. చిన్నది, ముచ్చటగా ఉంది, మెమరీ రెండు ఎంబీ కూడా తినదు అని మురిసిపోయాను. ఆ లూపులో స్క్రీన్ గీసే చోట నిలబడిపోతే ముందున్నవన్నీ నిలబడిపోతాయి. పీఎల్‌సీ పాపం తన పని తాను చేసింది, ట్యాంకుని సరిగ్గా 70 డిగ్రీల దగ్గర కాపాడుతూ వచ్చింది, నీళ్లు వదలమని పైనుంచి ఆజ్ఞ రాలేదు కాబట్టి వదల్లేదు. మూలన సెకన్ల గడియారం ఒక్కటి ఉన్నా, అది నిలబడిపోయిందని పది నిమిషాల్లో ఎవరో ఒకరు గమనించేవారు. సెకనుకి పది పన్నెండు బైట్లు మిగుల్చుకోవడానికి దాన్ని తీసింది నేను.

మార్పులు రెండు వారాలు పట్టాయి. ప్రోగ్రాంని రెండు ముక్కలు చేశాను. ఒకటి మోడ్‌బస్, టైమర్లు, అలారాలు చూసుకుంటుంది, దానికి స్క్రీన్ అనేది ఒకటి ఉందని కూడా తెలియదు. చదివిన విలువల్ని షేర్డ్ మెమరీలో (రెండు ముక్కలూ చూడగలిగే చోట) పెడుతుంది, ఆజ్ఞలు ఒక సాకెట్ ద్వారా తీసుకుంటుంది, అంతే. రెండోది ఆ మెమరీ చూసి గీసే స్క్రీన్ ప్రోగ్రాం. ప్యానెల్ రూములో ఒకటి, బాయిలర్ షెడ్డులో ఒకటి, సేటు ఫోన్‌లో ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) ద్వారా ఒకటి, మూడూ వేరువేరు కాపీలు. ఏది చచ్చినా మిగతావాటికి దెబ్బ తగలదు. వాచ్‌డాగ్‌కి తిండి పెట్టే పని మొదటి ముక్క లూపుకే అప్పగించాను, ఆ పాత సర్వీసుని తీసేశాను. ఇంకా ముఖ్యం, పీఎల్‌సీలో ఒక రిజిస్టర్ (అంకె దాచుకునే గడి) పెట్టి బోర్డు సెకనుకోసారి దాన్ని ఒకటి పెంచేలా చేశాను. పది సెకన్లు ఆ అంకె మారకపోతే పీఎల్‌సీ ఎవరినీ అడక్కుండా తనే హూటర్ మోగిస్తుంది. అలారం మోగించే బాధ్యత, మోగించాల్సిన విషయానికి కారణమైన వాడి చేతిలోనే ఉండటం ఎంత తిక్క పనో అప్పుడు గానీ నా బుర్రకెక్కలేదు.

సీబ్రేక్ తీసి రా పెట్టాను. ఇక అయిపోయింది అనుకుని బల్ల మీద గుడ్డతో మళ్లీ తుడిచి చూశాను. రెండోసారో మూడోసారో మళ్లీ ఆగింది! ఈసారి స్క్రోల్ లాక్. లినక్స్ కన్సోల్‌లో ఆ కీ నేరుగా టెర్మినల్‌నే ఆపేస్తుంది, ప్రోగ్రాం ఏ మోడ్‌లో ఉందో దానికి అనవసరం. కీమ్యాప్‌లో (ఏ కీ ఏం చేయాలో చెప్పే పట్టికలో) కీకోడ్ 70ని ఖాళీ చేస్తే తప్ప అది వదల్లేదు. ఆ తర్వాత అసలు పెద్ద కీబోర్డు ఎందుకు అనిపించి, అంకెల కీప్యాడ్ ఒకటి కొని, పైన ప్లాస్టిక్ తొడుగు వేసి అదే పెట్టాను. దానికీ ఒక తద్దినం ఉంది, నంలాక్ ఆరిపోతే 8 కాస్తా పై బాణం అయిపోతుంది, 4 ఎడమ బాణం. రెండింటినీ ఒకటిగానే తీసుకోమని రాసేశాను. ఈ స్క్రీన్‌లో బాణాలతో పనేమీ లేదు.

గడియారం తిరిగొచ్చింది, కుడి పై మూలన, సెకన్లతో సహా. కానీ ఒక జాగ్రత్త: స్క్రీన్ ప్రోగ్రాం తన సొంత గడియారం చూపిస్తే, వెనక కంట్రోల్ ముక్క చచ్చినా అది టిక్ టిక్ అంటూనే ఉంటుంది, అది ఇంకా పెద్ద మోసం. అందుకని కంట్రోల్ లూపు షేర్డ్ మెమరీలో రాసిన టైమునే చూపిస్తాను. లూపు ఆగితే గడియారం ఆగుతుంది, స్క్రీన్ ఆగినా గడియారం ఆగుతుంది. ఆపరేటర్లకి నేర్పింది ఇదొక్కటే.

అదే దెబ్బతో ప్రతి విలువకీ వయసు పెట్టాను. చివరిసారి నిజంగా చదివింది ఎప్పుడు అని ప్రతి రిజిస్టర్ పక్కన దాచుకుంటాం. అయిదు సెకన్లు దాటితే అంకె పక్కన ప్రశ్న గుర్తు, పదిహేను దాటితే అంకె పోయి నాలుగు గీతలు. మొదట్లో ఆపరేటర్‌కి ఇది నచ్చలేదు. "ఎంతో కొంత చూపెట్టొచ్చు కద సార్, గీతలు చూస్తే భయమైతది" అన్నాడు. భయపడాలనే పెట్టానన్నాను. తర్వాతి సీజన్‌లో ఎలుక రెండో ట్యాంకు ట్రాన్స్‌మిటర్ తీగ కొరికినప్పుడు, గీతలు చూసి ఆయనే థర్మామీటర్ తీసుకుని ట్యాంకు పైకెక్కాడు.

ఈ పని మధ్యలోనే థెరాక్-25 కేసు మళ్లీ తీసి చదివాను. సాఫ్ట్‌వేర్ వాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు విన్న కథే, కానీ ఆపరేటర్ ముందున్న స్క్రీన్ వైపు నుంచి అంతకుముందు చదవలేదు. క్యాన్సర్ రోగులకి రేడియేషన్ ఇచ్చే యంత్రం, వెనక పీడీపీ-11 కంప్యూటర్, ఆపరేటర్ ముందు నేను ప్రేమించిన ఆ వీటీ-100 టెర్మినలే. 1985 జూన్ నుంచి 1987 జనవరి లోపు ఆరుగురికి మోతాదు ఎన్నో రెట్లు మించి తగిలింది. 1986 మార్చిలో టెక్సాస్‌లోని టైలర్‌లో ఆపరేటర్ ఎలక్ట్రాన్ అక్షరం బదులు ఎక్స్‌రే అక్షరం కొట్టి, పై బాణంతో వెనక్కి వెళ్లి దిద్ది, మిగతా గళ్లన్నీ రిటర్న్ కీతో చకచకా దాటేసింది. స్క్రీన్ మీద అన్నీ సరిగ్గానే ఉన్నాయి. లోపల మాగ్నెట్లు సర్దుకోవడానికి పట్టే ఎనిమిది సెకన్ల లోపే జరిగిన ఆ దిద్దుబాటు ప్రోగ్రాంకి పూర్తిగా ఎక్కలేదు. యంత్రం "మాల్‌ఫంక్షన్ 54" అని చూపించి ఆగింది. అదేంటో ఆమెకి చెప్పేవాళ్లు లేరు, అలాంటి నంబర్లు రోజూ చూసేవే, కొనసాగించమని పీ కీ నొక్కింది. గళ్లన్నీ రిటర్న్ కీతో దాటే సౌకర్యం కూడా, మళ్లీ మళ్లీ టైపు చేయలేకపోతున్నామని ఆపరేటర్లు అడిగితేనే పెట్టారట.

అది చదివి నా కోడ్ తెరిస్తే చెమట పట్టింది. "పోయిన బ్యాచ్ లెక్కలే" అని ఎంటర్, ఎంటర్, ఎంటర్ కొట్టుకుంటూ పోయే దారి నేనూ పెట్టాను, వాళ్లు అడిగారనే. అలారాలకి నంబర్లూ పెట్టాను, 07 అంటే ఏంటో కార్డు మీద చూసుకోవాలి. రెండూ మార్చాను. బ్యాచ్ మొదలుపెట్టేముందు టైము, టెంపరేచర్ పెద్దగా చూపించి, ఎంటర్ కాకుండా ఆ ట్యాంకు నంబరు మళ్లీ కొట్టమంటుంది. నంబరు తప్పితే ఏమీ జరగదు. అలారం ఇప్పుడు నంబరు కాదు, ఏ ట్యాంకు, ఏమైంది, ఏం చేయాలి అని ఒక లైను.

వాల్వుల సంగతి కూడా అప్పుడే తేలింది. స్క్రీన్ మీద "ఓపెన్" అని నేను చూపిస్తున్నది వాల్వు స్థితి కాదు, తెరవమని పీఎల్‌సీ ఇచ్చిన ఆజ్ఞ. 1979 మార్చి 28న త్రీ మైల్ ఐలాండ్ అణు కేంద్రంలో సరిగ్గా ఇలాంటి దీపమే ఆపరేటర్లని తప్పుదారి పట్టించింది, మూయమని సిగ్నల్ వెళ్లగానే దీపం ఆరింది, వాల్వు మాత్రం తెరుచుకునే ఉంది, రెండు గంటలకి పైగా నీళ్లు పోయాయి. మన ట్యాంకులకి అంత ప్రమాదం లేదు కానీ పద్ధతి అదే. డ్రెయిన్ వాల్వులకి, అవి నిజంగా తెరుచుకున్నాయో లేదో చెప్పే లిమిట్ స్విచ్‌లు బిగించి, ఆజ్ఞ ఒక గడిలో, నిజం పక్క గడిలో చూపించాను. రెండూ ముప్పై సెకన్లకి మించి కలవకపోతే వరస మొత్తం రంగు తిరగబడుతుంది. ఎరుపు ఒక్కదాన్నే నమ్ముకోలేదు, రంగులు సరిగ్గా కనిపించని వాళ్లూ ఉంటారు, బాయిలర్ షెడ్డు ల్యాప్‌టాప్‌లో ఎరుపు ఎప్పుడో గోధుమ రంగైపోయింది.

అక్షరాల స్క్రీన్‌తో అన్నీ అవుతాయని నేను అనను. డ్రయ్యర్‌లో గాలి వేడి ఆరు గంటలుగా ఎలా పోతోందో గ్రాఫు చూడాలంటే చుక్కలతో గీసిన గీత చూసి ఏం అర్థమవుతుంది? దానికి మాత్రం రోజూ పొద్దున ఫైలు తీసి సేటు కంప్యూటర్‌లో ఎక్సెల్‌లో గీసి చూపిస్తున్నాం. పైపులు, వాల్వులు నలభై యాభై ఉన్న ప్లాంటు అయితే బొమ్మే నయం, వరసల్లో వెతుక్కోలేరు. ఇక్కడ ఆరు ట్యాంకులు, రెండు డ్రయ్యర్లు, అన్నీ ఒక్క చూపులో పట్టే 24 వరసలు, అందుకే సరిపోయింది. సేటు ఎవరిదో పెళ్లికి విజయవాడ వెళ్తూ దారిలో ఫోన్ సిగ్నల్ ఒక్క గీత ఉన్నచోట కూడా తన ట్యాంకులు చూసుకున్నానని నాకు చెప్పుకున్నాడు, అది మాత్రం నేను బైట్లు లెక్కపెట్టిన పుణ్యమే.

మార్చిన తర్వాత మూడు సీజన్లు నడిచింది. పీఎల్‌సీ సొంతంగా హూటర్ మోగించింది రెండుసార్లు, రెండుసార్లూ బోర్డు పవర్ సప్లై పోయినప్పుడే. మానిటర్ అంచున గడియారం వైపు బాణం గీసి మార్కరుతో "ఇది తిరగాలె" అని ఎవరో రాశారు, నేను రాయలేదు. కీప్యాడ్ తొడుగు 4 దగ్గర చిరిగింది, బాయిలర్ షెడ్డు ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉబ్బి మూత సరిగ్గా పడట్లేదు. వచ్చే కోతలు మొదలయ్యే లోపు ఆ రెండూ మార్చాలి.